విరిగిన దవడకు విలువ కట్టేదెలా?

భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్ ‘తీవ్ర గాయం’ అన్న మాట కిందికి ఎనిమిది రకాల గాయాలను చేర్చింది. 2024 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, చివరి అంశంలో 20 రోజులను 15 రోజులుగా తగ్గించడం తప్పిస్తే, 116వ సెక్షన్‌లో దాదాపు అదే జాబితాను ఉంచుకుంది. అందులో ఆరోది, తలకు గానీ ముఖానికి గానీ శాశ్వతంగా రూపు చెడడం. ఏడోది, ఎముక గానీ పన్ను గానీ విరగడం, లేదా స్థానం తప్పడం. వేరొకరి నిర్లక్ష్యం వల్ల ముఖం ఎముకలు విరిగి పరిహారం కోరినవారి కేసులు చాలావరకు ఈ రెండు అంశాల మధ్యనే నలుగుతాయి. ఏడోదాన్ని ఒక్క సీటీ స్కాన్ రుజువు చేస్తుంది. దానితో పరిహారానికి అర్హత వస్తుంది. ఆరోదాన్ని, అంటే ఎముక అతికిన తరువాత కూడా మనిషిలో మిగిలిపోయే నష్టాన్ని, గాయపడినవారే ఒక్కొక్క కాగితంగా కూడబెట్టి చూపించుకోవాలి. పరిహారంలో పెద్ద మొత్తం ఉండేది ఈ మిగిలిపోయిన నష్టంలోనే.

ముఖానికి పిండికట్టు వేయడం కుదరదు. మోచేతి కింద ఎముక విరిగితే కొన్ని వారాలు కదలకుండా ఉంచవచ్చు. దవడను మాత్రం మనిషి మాట్లాడడానికి, నమలడానికి, మింగడానికి, ఆవులించడానికి రోజంతా వాడుతూనే ఉంటాడు. ముఖంలోని 14 ఎముకల్లో కదిలేది కింది దవడ ఒక్కటే. రెండు చెవుల ముందు కీళ్లతో కపాలానికి ఆనుకొని, వంచిన విల్లులా ఉండే ఆ ఎముక ఒకచోట దెబ్బ తగిలితే మరోచోట కూడా విరగడం సాధారణం. బైకు మీద నుంచి పడి గడ్డం నేలకు కొట్టుకున్నప్పుడు, ఆ దెబ్బ ఎముక వెంబడి పైకి పాకి చెవి ముందున్న కీలు దగ్గర విరుపు తెస్తుంది. పైకి కనిపించేది గడ్డం మీది చిన్న చీలిక మాత్రమే. దానికి కుట్లు వేసి ఇంటికి పంపిస్తే, నోరు సరిగా తెరుచుకోవడం లేదనీ, పళ్లు పాత పద్ధతిలో కలవడం లేదనీ రోగి తిరిగి వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి. పెరిగే వయసు పిల్లల్లో ఈ కీలు విరుపును గుర్తించకపోతే కీలు బిగుసుకుపోవచ్చు, ఆ వైపు దవడ ఎదుగుదల మందగించి ముఖం ఒక పక్కకు ఒరగవచ్చు.

నడిముఖం సంగతి వేరు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు రెనే లె ఫోర్ శవాల తలలపై రకరకాల దెబ్బలు వేసి, అవి ఏ గీతల వెంబడి విరుగుతాయో పరిశీలించి 1901లో ప్రకటించిన మూడు తరగతులను డిశ్చార్జి సమ్మరీల్లో ఈనాటికీ రాస్తున్నారు. మొదటి తరగతిలో పై పళ్ల వరుసతో సహా పై దవడ అడుగుభాగం ఊడివస్తుంది. రెండో తరగతిలో ముక్కును కలుపుకొని పిరమిడ్ ఆకారంలో విడిపోతుంది. మూడో తరగతిలో ముఖం మొత్తం కపాలం నుంచి వేరుపడుతుంది. ఇంత బలమైన దెబ్బ తగిలినప్పుడు మెడ ఎముకలనూ మెదడునూ చూడకుండా ముఖం ఒక్కదాన్నే చూడడం ప్రమాదకరం. ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారితే అది జలుబు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవమే కావచ్చు.

ఎముక పలుచగా ఉన్న చోట విరుపు చిన్నదైనా పర్యవసానం పెద్దది కావచ్చు. కంటిగుంట అడుగున ఉండే ఎముక కాగితంలా సన్నగా ఉంటుంది. బంతి గానీ పిడికిలి గానీ కంటికి తగిలినప్పుడు అది కిందికి కుంగి, కనుగుడ్డును కదిపే కండరం ఆ పగులులో ఇరుక్కుంటుంది. మనిషికి ఒకటి రెండుగా కనిపిస్తుంది. పిల్లల్లో కన్ను పైకి ఎర్రబడకుండా, వాపు కూడా లేకుండానే ఇది జరగవచ్చు కాబట్టి పైపైన చూసేవారి కళ్లను తప్పించుకుంటుంది. అక్కడ శస్త్రచికిత్స ఆలస్యం చేస్తే కండరం పాడవుతుంది. అదే ఎముక గుండా వచ్చే నరం దెబ్బతింటే చెంప, పై పెదవి, పై పళ్లు మొద్దుబారతాయి. కింది దవడ లోపలి నరం దెబ్బతింటే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ పోతుంది. కాఫీ పెదవి మీంచి కారుతున్నా తెలియదు. ముక్కు దూలం విరిగితే చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు గానీ, లోపలి మృదులాస్థి పొర కింద రక్తం గడ్డకట్టిందేమో ఆ రోజే చూసి తీసేయకపోతే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు మధ్యలో కుంగిపోతుంది. వంకరపోయిన ముక్కు ఎముకను కోత లేకుండా సరిచేయడానికి పెద్దవారిలో ఉండే వ్యవధి ఒకటి రెండు వారాలే.

విరిగిన దవడను టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు, లేదా పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి కొన్ని వారాలు నోరు మూసి ఉంచుతారు. ఆ వారాల్లో జావ, పాలు, పళ్లరసాలే ఆహారం. పుత్తూరు కట్టు మీద రాయలసీమలోనూ దాని చుట్టుపక్కలా ఉన్న నమ్మకం తక్కువది కాదు. చేతులు, కాళ్ల సంగతి ఎలా ఉన్నా, ముఖం ఎముకలను పైకట్టుతో నిలబెట్టడం సాధ్యం కాదు. ఆ దారిలో గడిచిన రోజులు వైద్యానికి ఒక నష్టం, తేదీలున్న కాగితం లేకపోవడం కేసుకు మరో నష్టం.

దేశంలో ఇటువంటి గాయాలకు రోడ్డు ప్రమాదాలు ప్రధాన కారణం. 2022లో 4,61,312 ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్క. ఆ ఏడాది చనిపోయిన 1,68,491 మందిలో ఇంచుమించు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. చలానా తప్పించుకోవడానికి నెత్తిన పెట్టుకునే టోపీ హెల్మెట్ పుర్రెను కొంతవరకు కాపాడవచ్చు గానీ, గడ్డానికీ చెంపకూ అడ్డుగా అందులో ఏమీ లేదు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన పరిహార అధ్యాయం, ఈ గాయాలకు రెండు దారులు చూపుతున్నాయి. 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో నిరూపించనక్కరలేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల స్థిర మొత్తం. ‘తీవ్ర గాయం’ అంటే ఏమిటో ఈ అధ్యాయం సొంతంగా చెప్పకుండా శిక్షాస్మృతి నిర్వచనాన్నే అరువు తెచ్చుకుంది. కాబట్టి విరిగిన ముక్కు ఎముకా, నాలుగు ముక్కలైన దవడా అక్కడ ఒకటే. ఈ సమానత్వం మొదటివారికి మేలు, రెండోవారికి చాలా తక్కువ. గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి దక్కేది 50 వేలే. గాయం పెద్దదైనప్పుడు మిగిలే దారి 166వ సెక్షన్. అక్కడ ఎదుటివారి నిర్లక్ష్యాన్ని నిరూపించాలి.

ఆ నిరూపణ క్రిమినల్ కేసులో కావలసినంత గట్టిగా ఉండనక్కరలేదు. సంభావ్యత ఎటు మొగ్గితే అటు చూడాలని సుప్రీంకోర్టు 2009లో బిమలాదేవి కేసులో చెప్పింది. ఎఫ్ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమును తోసిపుచ్చకూడదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో అన్నది. రెండు వాహనాల తప్పూ కలిసి మూడో మనిషికి దెబ్బ తగిలితే, అతను ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చు (ఖేన్యేయి కేసు, 2015). బీమా సంస్థలు సాధారణంగా ముందుకు తెచ్చే వాదన, గాయపడినవారి తప్పు కూడా ఉందన్నది: హెల్మెట్ లేదు, బండి మీద ముగ్గురున్నారు. 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు, ముగ్గురెక్కడం చట్టవిరుద్ధమే అయినా, ఆ కారణంగానే ప్రమాదం జరిగిందనో, గాయం పెరిగిందనో చూపించకుండా పరిహారం తగ్గించడం కుదరదని స్పష్టం చేసింది. అదే తర్కాన్ని ముఖానికి వర్తింపజేస్తే వాదన రెండువైపులా పదునెక్కుతుంది. హెల్మెట్ లేనందువల్లే నుదుటి ఎముక విరిగిందనవచ్చు. కానీ గడ్డాన్ని కప్పని హెల్మెట్ పెట్టుకున్నా దవడ విరిగే ఉండేదని అటువైపు నుంచి జవాబు చెప్పవచ్చు. దానికి ఏ ఎముక ఏ చోట విరిగిందో సీటీ నివేదిక మాట మాటగా చదవాలి. తీర్పుల్లో అది అరుదుగా కనిపిస్తుంది.

వెనుక కూర్చున్నవారికి మరో చిక్కు. తాము ఎక్కిన బండి నడిపినవారిదే తప్పయి, ఆ బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, ఉచితంగా ఎక్కిన మనిషికి ఆ పాలసీ వర్తించదని 2006లో తిలక్‌సింగ్ కేసులో తేలిపోయింది. నడిపేవారు తామే జారిపడితే యజమానికి తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ శాశ్వత వైకల్యానికే గానీ, అతికిపోయే దవడకు పనికిరాదు.

ఇక లెక్క దగ్గరకు వస్తే, 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు గీసిన పటమే ప్రమాద పరిహారాన్ని తేల్చే ట్రైబ్యునళ్లకు ఇప్పటికీ దారి. వైద్యఖర్చు, పనిలోకి వెళ్లలేని కాలపు ఆదాయం, భవిష్యత్తులో తగ్గే సంపాదన, ముందుముందు అవసరమయ్యే వైద్యం ఒకవైపు. నొప్పి, బాధ, జీవితంలో కోల్పోయిన సుఖాలు, పెళ్లి అవకాశాలకు కలిగిన నష్టం మరోవైపు. ఆ తీర్పులోని కీలకాంశం, వైద్యుడు రాసే వైకల్య శాతాన్నే సంపాదనా నష్టంగా తీసుకోకూడదన్నది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరు, వడ్రంగి దాదాపు మొత్తం సంపాదన కోల్పోతారు, అదే గాయం తగిలిన గుమస్తా కొలువు నిలుపుకోవచ్చు అని కోర్టు స్వయంగా ఉదాహరించింది.

ఇది ముఖానికి చాలా అవసరమైన సూత్రం. కింది పెదవి మొద్దుబారడం వైద్యుడి శాతంలో ఎంతో చిన్నది. నాదస్వరం ఊదే విద్వాంసుడికి అదే వృత్తి మొత్తం. రెండుగా కనిపించే చూపుతో బట్టలు కుట్టేవారి పని, లారీ నడిపేవారి పని సాగవు. దవడ కీలు నొప్పితో రోజుకు ఐదు పీరియడ్లు పాఠం చెప్పడం ఎంత కష్టమో ఎక్స్‌రేలో కనిపించదు. 28 ఏళ్ల వయసులో నెలకు 20 వేలు సంపాదించే వ్యక్తిని ఉదాహరణగా తీసుకుంటే, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం సొంత ఉపాధివారికి 40 శాతం భవిష్యత్ వృద్ధి కలిపి నెలకు 28 వేలు, ఏడాదికి 3,36,000. 2009 నాటి సరళావర్మ పట్టికలో ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం ఆ వయసుకు 17 కాబట్టి మొత్తం 57,12,000. పని సామర్థ్యం 10 శాతం తగ్గిందని తేలితే ఈ పద్దు కింద 5,71,200 వస్తుంది. 5 శాతమంటే 2,85,600. ‘విరిగిన ఎముక అతికింది, వైకల్యం లేదు’ అని రాస్తే సున్నా. ఒక వైద్యుడు ఒక పంక్తిలో ఏమి రాశాడన్నదాని మీద లక్షలు ఆధారపడి ఉన్నాయి.

ఆ పంక్తి ఎందుకు సున్నా వైపు మొగ్గుతుందంటే, వైకల్య ధ్రువపత్రాల పద్ధతి ముఖం కోసం తయారైంది కాదు. తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరాల్లో ఇచ్చే పత్రాలు కాళ్లు, చేతులు, చూపు, వినికిడి చుట్టూ నడుస్తాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులను ప్రత్యేకంగా చేర్చింది. బస్సు గుద్ది ముఖం వంకరపోయినవారికి అటువంటి పేరు లేదు. పాత చట్టం ఒకటి ఈ విషయంలో వింతగా ఉదారం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మొదటి షెడ్యూలు ‘అతి తీవ్రమైన ముఖ వికృతి’ని 100 శాతం సంపాదనా నష్టంగా లెక్కించింది, ఒక కంటి చూపు పోతే 30 శాతమే ఇచ్చిన ఆ షెడ్యూలే. పైగా యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించే పని కూడా కార్మికుడికి పెట్టలేదు. ఆ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. ముఖం చూసి పని ఇచ్చే లోకంలో చెడిన ముఖం అంటే పోయిన ఉపాధి అని ఆనాటి శాసనకర్తలు ఒప్పుకున్నారు. రోడ్డు మీద అదే గాయం తగిలితే మాత్రం అటువంటి పట్టిక లేదు. ఇంగ్లండులో ముక్కుకు ఇంత, చెంప ఎముకకు ఇంత, దవడకు ఇంత అని న్యాయమూర్తుల కోసం మార్గదర్శక పుస్తకమే ఉంది. ఇక్కడ ఒకే రకం విరుపుకు రెండు జిల్లాల ట్రైబ్యునళ్లు ‘నొప్పి, బాధ’ కింద రెండు వేర్వేరు మొత్తాలు వేయడంలో ఆశ్చర్యం లేదు. పెళ్లి అవకాశాల పద్దును ఆడపిల్ల విషయంలో అయితే ఎవరూ ప్రశ్నించరు, మగపిల్లవాడి విషయంలో వాదించాలి. ఇది చట్టం చెప్పినది కాదు, అలవాటు.

అందుచేత కాగితాల సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా నమోదైనప్పుడు రాసే గాయాల ధ్రువపత్రంలో, స్కాన్ రాకముందే ‘సాధారణ గాయం’ అని పడితే, స్కాన్ నివేదిక చూపించి ‘తీవ్ర’మని సవరించుకోవాలి, సవరించకపోతే 164వ సెక్షన్ కింద కూడా గొడవే. దంతవైద్యుడి దగ్గర పళ్ల పొందిక అచ్చులు, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో కొలత, కంటి వైద్యుడి దగ్గర రెండు చూపుల పరీక్ష, ఎక్కడెక్కడ స్పర్శ లేదో నరాల పరీక్ష, తేదీలతో ఫొటోలు, ప్రమాదానికి ముందు దిగిన ఫొటోలు కూడా ఫైల్లో ఉండాలి. చికిత్స చేసిన వైద్యుడే సాక్ష్యం చెప్పడం మేలు. చికిత్స చేయకుండా ధ్రువపత్రాలు మాత్రం ఇచ్చేవారి పట్ల జాగ్రత్తగా ఉండాలని రాజ్‌కుమార్ తీర్పే హెచ్చరించింది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స ఉచితంగా జరిగిందని క్లెయిము వదులుకునేవారూ ఉన్నారు. బిల్లు లేకపోతే వైద్యఖర్చు పద్దు ఒక్కటే పోతుంది, మిగిలినవేవీ పోవు. 2025 మేలో నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా భరిస్తుంది. ముఖం మీద శస్త్రచికిత్సను వాపు తగ్గేదాకా కొన్ని రోజులు ఆపడం మామూలే కాబట్టి, ఆ గడువు ఈ రోగులకు ఇరుకు.

నిర్లక్ష్యం రోడ్డు మీదే కాదు, ఆస్పత్రిలోనూ జరగవచ్చు. అయితే పళ్లు సరిగా కలవనంత మాత్రాన, మచ్చ మిగిలినంత మాత్రాన అది వైద్యుడి నిర్లక్ష్యం కాదు. సమర్థుడైన సాటి వైద్యుడు అనుసరించే పద్ధతిని పాటించాడా లేదా అన్నదే కొలత అని 2005లో జాకబ్ మాథ్యూ కేసు నిర్ధారించింది. క్రిమినల్ కేసు పెట్టాలంటే అతి దారుణమైన నిర్లక్ష్యమే ఉండాలి. గడ్డం మీద దెబ్బతో వచ్చి నోరు తెరవలేకపోతున్నానని చెప్పిన మనిషికి స్కాన్ చేయించకపోవడం, ముక్కు లోపల రక్తపు గడ్డను చూడకపోవడం వంటివి ఆ కొలతకు నిలబడే ఆరోపణలు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో హైదరాబాదుకు చెందిన వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు అన్నా, ముఖం వంటి జటిలమైన చోట నిపుణుడు లేకుండా నెగ్గడం కష్టమే. వేదిక వినియోగదారుల కమిషన్, గడువు రెండేళ్లు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995 నాటి శాంత కేసు నుంచీ స్థిరపడింది. ఇక్కడ వచ్చే పరిహారం మొదటి విరుపుకు కాదు, ఆలస్యం వల్ల అదనంగా జరిగిన నష్టానికి. ఆ రెండింటినీ విడదీయలేని ఫిర్యాదులు కమిషన్ల ముందు బలహీనపడతాయి.

చివరగా, కాలం. మోటారు వాహనాల చట్టంలో సవరించిన 166(3) సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఆ గడువు చెల్లుబాటు మీద సవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి గానీ, వాటిని నమ్ముకొని ఆగడం తెలివైన పని కాదు. ఇంకోవైపు, 149వ సెక్షన్ కింద బీమా సంస్థ నియమించిన అధికారి 30 రోజుల్లో రాజీ ప్రతిపాదన చేయవచ్చు. ముప్పయ్యో రోజున దవడకు తీగలు ఇంకా ఉండవచ్చు. మొద్దుబారిన నరం కోలుకుంటుందో లేదో తేలడానికి నెలలు పడుతుంది. మచ్చ పక్వానికి రావడానికీ, ప్లేటు తీయించాలో లేదో, చచ్చిన పన్ను స్థానంలో కొత్తది పెట్టించాలో లేదో తెలియడానికీ ఇంచుమించు ఏడాది. ఒకసారి తుది తీర్పు వెలువడ్డాక తరువాతి వైద్యం కోసం మళ్లీ అడిగే వీలు ఈ చట్టంలో లేదని, అందుకే భవిష్యత్ వైద్యఖర్చును మొదటే లెక్కించాలని 2002లో నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, న్యాయమైనదైతే అడిగినదానికంటే ఎక్కువ కూడా ఇవ్వవచ్చన్నది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ మీదైతే అప్పీలు కూడా లేదు. అందువల్ల దరఖాస్తు తొందరగా వేయడం, రాజీకి తొందరపడకపోవడం ఈ కేసుల్లో అనుభవజ్ఞులైన న్యాయవాదులు పాటించే క్రమం. ముందుగా ఎఫ్ఐఆర్, స్కాన్, గాయాల ధ్రువపత్రంతో దరఖాస్తుకు నంబరు వేయించుకుంటారు. వైద్యుణ్ణి బోను ఎక్కించేది నోరు ఎంత తెరుచుకుంటుందో, పెదవికి స్పర్శ వచ్చిందో లేదో నిలకడగా తేలిన తరువాతే.